గల్ఫ్‌లో కష్టపడుతున్న విశ్వాసులకు ఇంటి కూడిక ఏం చేయగలదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉప్పల్ వైపు ఏడు కుటుంబాలు వారానికొకసారి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటున్నారు. గల్ఫ్‌లో కష్టాల్లో ఉన్న తెలుగు విశ్వాసుల కోసం నెలనెలా కానుక తీయాలనుకుంటున్నారు. ఆ డబ్బు ఎవరికి, ఏ దారిలో పంపాలని అడిగారు.

మాది వారాసిగూడ. మా మంగళవారం కూడిక పదమూడేళ్ళుగా నడుస్తోంది. మీరు అడిగిన పని మేమూ చేయబోయి చేతులు కాల్చుకున్నాం. అందుకే డబ్బు సంగతి ఆఖరుకు పెడుతున్నాను. దూరదేశంలో ఉన్నవారికి మనం చేయగలిగిన సాయంలో సగానికి పైగా ఇక్కడే, వాళ్ళు వదిలి వెళ్ళిన ఇంట్లోనే ఉంటుంది. మాకది తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

2022 వేసవిలో, మిషను కుట్టి బతికే ఒక సిస్టర్ గారు తన ఆడపడుచు కోసం ప్రార్థన చేయమన్నారు. ఆమె కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. నాలుగు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ఆ రాత్రే కానుక తీశాం. 18,500 రూపాయలు పోగైంది. మాలో ఒకరికి తెలిసిన ఏజెంటు ఒకతను "ఖర్చులకు ముందు ఇది ఇవ్వండి, నెలలో మనిషిని ఇంటికి చేరుస్తాను" అన్నాడు. ఇచ్చాం. ఆ తర్వాత అతని ఫోను మోగడమే తప్ప ఎత్తిన పాపాన పోలేదు. రసీదు అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ముప్పై ఏళ్ళు జమాఖర్చుల పుస్తకాలు రాసిన మనిషిని, నాకూ రాలేదు.

అంతకంటే సిగ్గుపడాల్సినది మరొకటి ఉంది. కానుక తీసి మూడు వారాలైనా మాలో ఒక్కరం కూడా కువైట్‌లో ఉన్న ఆమెతో నేరుగా మాట్లాడలేదు. అక్కడ పని తెమిలేసరికి రాత్రి పదకొండు అవుతుంది, మనకప్పుడు ఒంటిగంటన్నర. ఒక గురువారం నేను మేలుకుని కూర్చున్నాను. ఫోను కలవగానే ముందు నీళ్ళ చప్పుడు వినిపించింది. బాత్రూములో కుళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడు చాటున గుసగుసగా మాట్లాడుతోంది. ధైర్యం చెబుదామని నేనేదో వాక్యం ఎత్తుకున్నాను. ఆమె మధ్యలోనే ఆపింది. "అక్కా, నన్ను ఇంటికి రప్పించమని ప్రార్థన చేస్తున్నారట. అది వద్దు. నాకు రావాల్సిన జీతం ఇప్పించండి, చాలు."

ఆమె పెద్ద కూతురి పెళ్ళికి 1,20,000 రూపాయలు అప్పు తెచ్చారు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే అసలు జోలికి పోకుండా వడ్డీకే నెలకు 3,600. జీతం లేని ఆ నాలుగు నెలలూ వడ్డీ మాత్రం ఆగలేదు. ఖాళీ చేతులతో దిగితే ఇంటి గుమ్మంలో ఎదురయ్యేది ఆ అప్పే. మేం ఉపవాసాలు ఉండి మరీ అడుగుతున్నది ఒకటి, ఆమెకు కావలసినది ఇంకొకటి.

ఆ రాత్రి తర్వాతే పని దారిలో పడింది. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదని, వారానికొక రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు యజమాని అట్టే పెట్టుకోకూడదని అందులో ఉంది. చట్టంలో ఉన్నదంతా వంటగది దాకా రాదు, నిజమే. కానీ ఫిర్యాదు రాసేటప్పుడు దాని పేరు ఉంటే కాగితానికి బరువు వస్తుంది. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకలు, అక్కడి గుర్తింపు కార్డు (సివిల్ ఐడీ) నంబరు, యజమాని ఫోను నంబరు, ఇంటి లొకేషను, ఇవి నాలుగూ ముందు సంపాదించండి. మన విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన 'మదద్' పోర్టల్‌లో ఇక్కడి కుటుంబ సభ్యులే ఫిర్యాదు పెట్టవచ్చు. అది రాయబార కార్యాలయానికి చేరుతుంది. దిక్కుతోచని కార్మికులకు ఆశ్రయం, టికెట్టు, చనిపోతే దేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు వంటి వాటికి రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. మేం ఏజెంటు చేతిలో పోసిన డబ్బు ఎందుకు దండగో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. "ఆ ఇంట్లోంచి వచ్చేయమ్మా" అని ఆవేశపడి సలహా ఇవ్వకండి. ఫిర్యాదు లేకుండా గడప దాటితే, పారిపోయిందని యజమాని కేసు పెడతాడు. అప్పుడు జీతం అడిగే మనిషే నేరస్థురాలవుతుంది. కొట్టడం, అంతకంటే దారుణాలు జరుగుతుంటే వేరే సంగతి. అప్పుడు నేరుగా రాయబార కార్యాలయానికి వెళ్ళమనాలి.

కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషల సంఘాలు వేళలు పంచుకుని ఆరాధించుకుంటాయి, తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి పెద్ద ఆరాధన ఆ రోజే. ఆ నగరంలోని తెలుగు విశ్వాసి ఒకాయనకు అరబ్బీ బాగా వచ్చు. ఆయన రెండుసార్లు యజమానితో మర్యాదగా మాట్లాడారు, కార్మిక శాఖలో ఇంటిపనివారి విభాగానికి ఆమెతో పాటు వెళ్ళారు. నాలుగింటిలో మూడు నెలల జీతం వచ్చింది. నాలుగోది రాలేదు, ఇక రాదు కూడా. తర్వాత ఆమె వేరే ఇంటికి మారింది.

ఇక ఇక్కడి ఇల్లు. ఆమె అత్తగారు, ఇద్దరు చిన్నపిల్లలు ఉండేది బౌద్ధనగర్‌లో. మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. కువైట్ గురించి కన్నీళ్ళతో ప్రార్థించిన మేం ఆ పది నిమిషాలు నడవలేదు. వెళ్ళి చూస్తే, తొమ్మిదో తరగతి పిల్ల ట్యూషను మానేసి పక్కింటివాళ్ళ గిన్నెలు తోముతోంది. పెద్దామె బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది, నెల మాత్రలు రెండు నెలలు రావాలని. ఆ చెల్లి అంతకుముందు పంపిన డబ్బంతా భర్త ఖాతాలో పడి, అక్కడి నుంచి వీధి చివరి వైన్ షాపుకు వెళ్ళేదట. మా మగవాళ్ళు ఇందులో తలదూర్చడానికి జంకారు. "కుటుంబ విషయం కదా" అన్నారు. పాస్టరమ్మగారు మాత్రం చెప్పులు వేసుకుని బయల్దేరారు. నెల తిరిగేసరికి డబ్బు అత్తగారి ఖాతాకు రావడం మొదలైంది. ఆమె కొడుకు మీద ఆమెకే కోపం ఎక్కువ, అది మాకు కలిసొచ్చింది.

మూడు రూపాయల వడ్డీ అప్పులో 40,000 కూడిక కుటుంబాలు కలిసి తీర్చాం. మిగతాది మా సిస్టర్ గారు తన మహిళా పొదుపు సంఘం ద్వారా బ్యాంకు అప్పు తెచ్చి కట్టేశారు. ఒక్కసారి చేసిన ఈ పని, మేం అంతకుముందు తలపెట్టిన నెలవారీ కానుకలన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిందని నా లెక్క. పిల్ల ట్యూషను ఫీజు ఇప్పటికీ మా బాధ్యతే.

అన్ని దేశాలూ ఒకటి కాదు, ఇది గుర్తుంచుకోండి. కువైట్, యూఏఈ, ఒమన్, ఖతార్‌లలో కేటాయించిన చోట్ల చర్చిలున్నాయి. దోహాలో చర్చిలన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి, బయటికి శిలువ కనిపించదు. సౌదీలో చర్చి అన్నదే లేదు. మా కూడికలోని ఒక కుటుంబం తాలూకు అబ్బాయి, జగిత్యాల వైపు వాడు, అక్కడ లేబర్ క్యాంపులో ఉంటాడు. వాళ్ళ గదిలో నలుగురు సెలవు రోజున "భోజనానికి" కలుస్తారు. నిజంగానే వండుకుని తింటారు, తిన్నాక గొంతు తగ్గించి ప్రార్థించుకుంటారు. ఇలాంటివారి ఫోటో మీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సాక్ష్యం వీడియో తీసి పంపమని అడగకండి. బైబిళ్ళు, కరపత్రాలు పార్సిల్ చేయకండి. ఒకసారి మాలో ఉత్సాహవంతుడొకడు ఆ అబ్బాయి పేరు, కంపెనీ పేరు రాసి ప్రార్థన విన్నపం పది గ్రూపులకు పంపాడు. ఏమీ కాలేదు, దేవుని దయ. కానీ ఆ అబ్బాయి రెండు నెలలు మాకు ఫోను చేయలేదు.

మీ కూడిక గురించి కూడా రెండు మాటలు, అడగకపోయినా. ఇంటింటి కూడికలు చాలావరకు తిండి దగ్గర దెబ్బతింటాయి. మాకూ అదే జరిగింది. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు. రెండో ఇంట్లో మిర్చి బజ్జీలు. ఆరో ఇంటికి వచ్చేసరికి బిర్యానీ. ఏడో ఇల్లు ఒక వాచ్‌మన్ కుటుంబానిది. ఆ వారం వాళ్ళు ఊరెళ్ళామని చెప్పి తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత ఏ ఇంట్లోనైనా టీ ఒక్కటే అని తీర్మానించాం. చిన్నప్పుడు మా నాన్న నన్ను గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమ విందులో ఆఫీసరూ, రిక్షా తొక్కేవాడూ నేల మీద ఒకే వరసలో కూర్చుని అదే అన్నం, అదే కూర తినేవారు. అక్కడ ఎవరి హోదా ఎవరికీ కనిపించేది కాదు. ఆ సహవాసాన్ని మొదలుపెట్టిన భక్త సింగ్ గారు పంజాబీ. ఇంజనీరింగ్ చదువుకోవడానికి వెళ్ళి, కెనడాలో విన్నిపెగ్ నగరంలో ఒక క్రైస్తవ దంపతుల ఇంట్లో ఉన్నారు. భోజనమయ్యాక ఆ ఇంట్లో బైబిలు చదవడం ఆయనకు అలవాటైంది. 1932లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ దంపతులు పరాయి దేశపు కుర్రాడికి తమ బల్ల దగ్గర కుర్చీ వేశారు, అంతే. మా నాన్న ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఇక డబ్బు. వ్యక్తులు బ్యాంకు ద్వారా విదేశాలకు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మన నాలుగు వేల రూపాయల కానుకకు ఆ పరిమితి గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఇంటిపని చేసే మనిషికి అక్కడ ఖాతా ఉండటమే అనుమానం, చార్జీలకు కొంత పోతుంది. "అక్కడ మావాళ్ళు దీనార్లలో ఇచ్చేస్తారు, మీరు ఇక్కడ రూపాయల్లో కట్టండి" అని ఎవరైనా అంటే అది హవాలా. మొత్తం చిన్నదైనా, అడిగినవాడు సంఘ పెద్ద అయినా వద్దనండి. అక్కడివారిని వాళ్ళ గదుల్లో చందాలు పోగుచేయమని కూడా చెప్పకండి. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. కాబట్టి మీ కానుకను ఇక్కడి కుటుంబం మీదే ఖర్చు పెట్టండి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు, లెక్క కూడా కళ్ళముందే ఉంటుంది.

రేపు వాళ్ళే మీకు కానుక పంపితే ఏమిటనే అనుమానం కూడా వస్తుంది. మాకు వచ్చింది, ఆ చెల్లి కొత్త ఇంట్లో మూడో జీతం అందగానే ఐదు దీనార్లు పంపింది. భారత పౌరులు విదేశంలో సంపాదించుకున్న సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళాల చట్టం కిందికి రాదు. అదే విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు మీ సంఘానికి పంపితే వస్తుంది, 2010 నాటి ఆ చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. అమెరికాలో స్థిరపడిన బంధువులు మీకూ ఉండే ఉంటారు, జాగ్రత్త.

ఇప్పుడు మంగళవారం పాడే పాటను ఫోనులో రికార్డు చేసి ఆ చెల్లికి పంపుతున్నాం. బట్టలు ఇస్త్రీ చేస్తూ వింటుందట. ఆమె జవాబు పంపితే, తర్వాతి వారం ఫోనును స్టీలు గ్లాసులో పెట్టి వినిపిస్తాం, గదంతా వినబడుతుంది. వెనకాల కుళాయి చప్పుడు ఇంకా ఉంటుంది. ఇప్పుడు దాని అవసరం లేదు, అలవాటైపోయిందంటుంది.

వచ్చే కూడికలో మీ ఏడు కుటుంబాలనూ ఒక్క ప్రశ్న అడగండి: మీ బంధువుల్లో, మీ వీధిలో గల్ఫ్‌లో ఉన్నది ఎవరు? ఒకరిద్దరైనా తేలతారు. వాళ్ళ పిల్లలు ఎక్కడ ఉంటున్నారో, వాళ్ళకు ఏ వేళప్పుడు ఫోను చేయవచ్చో కనుక్కోండి. కువైట్ అయితే ఆ రోజు మధ్యాహ్నం కాసేపు పడుకోండి, రాత్రి మేలుకోవాలి.