ట్యాబ్ బాబు చేతికిచ్చే ముందు

చి.ల.సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బాబు పుట్టినరోజుకని ట్యాబ్ కొన్నామని, పిల్లల వాడకానికి తల్లిదండ్రులు పెట్టే కట్టడులు, అదే పేరెంటల్ కంట్రోల్స్, ఎలా పెట్టాలో చెప్పమని నువ్వు రాత్రి పంపిన మెసేజ్ పొద్దున చూశాను. ఇంకా పెట్టె తెరవలేదన్నావు, మంచి పని చేశావు. ఫోనులో చెబితే సగం చేజారిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. వంట పనులన్నీ అయ్యాక నింపాదిగా చదువు, అల్లుడుగారిచేత కూడా చదివించు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఆ ట్యాబ్‌లో ఏ కట్టడి పెట్టినా బాబును పక్కన కూర్చోబెట్టుకొని, వాడు చూస్తుండగా పెట్టు. వాడు నిద్రపోయాక రహస్యంగా పెట్టకు. ఎందుకు చెబుతున్నానంటే, మేము ఆ తప్పు చేశాం.

2020లో బడులు మూసేసి ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు మా పెద్ద మనవడికి తాతగారి పాత ఫోను ఇచ్చాం. తాతగారి గూగుల్ ఖాతా, ఆయన కార్డు వివరాలు అందులో అలాగే ఉండిపోయాయి. తరగతులు అయ్యాక వాడు తెరవకుండా తాళం ఉండాలని తాతగారి వేలిముద్ర పెట్టించాం. వాడికి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక మధ్యాహ్నం తాతగారు భోజనం చేసి వాలుకుర్చీలో కునుకు తీస్తున్నారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. వాడు అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, ఆయన కుడిచెయ్యి మెల్లగా ఎత్తి, బొటనవేలు ఫోను వెనక ఆనించాడు. తెర వెలిగింది. ఆ చేతిని మళ్ళీ జాగ్రత్తగా ఆయన ఒళ్ళో పెట్టి, జారిన కండువా కూడా సర్ది, వచ్చిన దారినే వెళ్ళాడు. పదేళ్ళ పిల్లవాడు! అప్పుడు ఫోను తీసి చూస్తే, ఏదో ఆటలో వజ్రాలు కొనడానికి 2,400 రూపాయలు ఖర్చయ్యాయి. నాకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. చెప్పకుండా వేసిన తాళం వాడికి ఆ ఆటలో ఇంకో లెవెల్‌లా కనిపించింది, గెలవాలనుకున్నాడు, గెలిచాడు. ఆ తర్వాత వాడితో కూర్చొని అన్నీ మాట్లాడుకొని మళ్ళీ మొదటి నుంచి పెట్టాం. ఇప్పటి వరకు వాడు దాటలేదు.

ఇక పనిలోకి వద్దాం. ట్యాబ్ తెరవగానే గూగుల్ ఖాతా అడుగుతుంది. అక్కడ నీది కానీ అల్లుడుగారిది కానీ ఇవ్వవద్దు. బాబు పేరుతోనే కొత్త ఖాతా తెరువు, పుట్టినతేదీ ఉన్నది ఉన్నట్టు వెయ్యి. వాడికి తొమ్మిదేళ్ళే కాబట్టి తల్లి లేదా తండ్రి ఖాతాను అదే అడుగుతుంది, అప్పుడు నీది ఇవ్వు. తర్వాత నీ ఫోనులో ఫ్యామిలీ లింక్ అనే యాప్ వేసుకో. అది గూగుల్‌దే, డబ్బు కట్టనక్కరలేదు. ఇక వాడి ట్యాబ్ పగ్గాలు నీ ఫోనులో ఉంటాయి.

పుట్టినతేదీ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పిల్లవాడు ఏదో యాప్ కోసం మారాం చేస్తాడు, అందులో 13 నిండాలంటుంది, తండ్రి నవ్వుతూ 1999 అని వేసేస్తాడు. ఆ క్షణం నుంచి ఆ యంత్రం దృష్టిలో వాడు పెద్దవాడు. పిల్లలకని పెట్టిన రక్షణ ఏదీ వాడికి వర్తించదు, పెద్దలకు చూపించే ప్రకటనలు, వీడియోలు వరుస కడతాయి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మనమే వయసు అబద్ధం చెబితే ఆ చట్టం మన పిల్లవాడిని ఎలా గుర్తుపడుతుంది?

ఫ్యామిలీ లింక్‌లో రోజుకు ఎంతసేపు అన్నది ఒక చోట, రాత్రి ఎప్పుడు మూతపడాలన్నది ఇంకో చోట ఉంటాయి. రెండూ పెట్టు. నా లెక్క ఇది: బడి రోజుల్లో ఒక గంట, ఆదివారం రెండు గంటలు, రాత్రి ఎనిమిదిన్నరకు మూత. ఆ గంట ఎప్పుడన్నది మాత్రం వాడినే ఎంచుకోనివ్వు. మా చిన్న మనవరాలు బడి నుంచి రాగానే కాదు, ఆటలాడి స్నానం చేశాక అని తనే పెట్టుకుంది. తను అన్న మాట కాబట్టి తనే నిలబెట్టుకుంటోంది. చదువుకు పనికొచ్చే యాప్‌లు ఒకటి రెండు ఉంటే, గంట అయిపోయినా పనిచేసేలా వాటిని ఎప్పుడూ అనుమతించే వరుసలో చేర్చు. గడువు దగ్గరపడుతోందని ట్యాబే ముందుగా చెబుతుంది. ఆ హెచ్చరిక రాగానే ఆట ఆపడం మొదటి వారం రోజులు నువ్వు పక్కనుండి అలవాటు చెయ్యి. చూస్తుండగానే తెర ఆరిపోతే ఏ పిల్లవాడైనా ఏడుస్తాడు, దానికి వాడిని తిట్టకు. పరీక్షలయ్యాక ఒకరోజు అరగంట ఎక్కువ అడిగితే నీ ఫోను నుంచే ఇవ్వొచ్చు. అడిగితే ఇస్తారన్న నమ్మకం ఉన్న పిల్లలు దొంగదారులు వెతకరు.

కొత్త యాప్ ఏది దించుకోవాలన్నా నీ అనుమతి అడిగేలా పెట్టు. అయితే నువ్వు ఒకసారి ఒప్పుకున్న యాప్‌ను తీసేసి మళ్ళీ వేసుకుంటే అది నిన్ను అడగదు. కాబట్టి ఒప్పుకునే ముందే ఆ యాప్‌ను రెండు నిమిషాలు నువ్వు ఆడి చూడు. ఎవరో తెలియనివాళ్ళతో మాట్లాడే వీలున్న ఆట అయితే వద్దని చెప్పు, ఎందుకు వద్దో కూడా చెప్పు. డబ్బు విషయంలో మాత్రం దయ చూపించకు. ఆ ట్యాబ్‌లో కార్డు వివరాలు, యూపీఐ ఏవీ ఉండకూడదు. నీ ఫోనులోనూ ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా మార్చు.

వీడియోల సంగతి. తొమ్మిదేళ్ళవాడికి యూట్యూబ్ కిడ్స్ చాలు. అందులో వయసును బట్టి మూడు తరగతులుంటాయి. 9 నుంచి 12 వరకు ఉన్న తరగతిలో అడ్డమైన ఆటల వీడియోలు ఎక్కువగా వస్తున్నాయనిపిస్తే 5 నుంచి 8 తరగతికి దింపు, వాడికి చిన్నతనం కాదు. వెతికే సౌకర్యం ఆపేయవచ్చు, నువ్వు ఎంచిన ఛానళ్ళు మాత్రమే కనబడేలా కూడా పెట్టవచ్చు. నేను మా చిన్నదానికి జంతువుల వీడియోలు, బొమ్మలు గీయడం, పద్యాలు కలిపి ఓ పదిహేను ఛానళ్ళు ఎంచి పెట్టాను. ఒక ఆదివారం పూట పట్టింది. అంతకంటే మంచి ఆదివారం నాకు గుర్తులేదు, ఎందుకంటే తను నా పక్కన కూర్చొని ఇది ఉంచు, అది తీసెయ్ అని చెబుతూనే ఉంది. ఇక సైట్లు తెరిచే క్రోమ్ బ్రౌజర్‌లో నువ్వు ఒప్పుకున్న సైట్లు మాత్రమే తెరుచుకునేలా పెట్టు. ఆ కట్టడి వేరే బ్రౌజర్‌లో పనిచేయదు కాబట్టి ఇంకో బ్రౌజర్ ఏదీ ఉండనివ్వకు. తేదీ, సమయం వాటంతటవే సరిచూసుకునేలా ఉన్నాయా లేదా అని కూడా చూడు, గడియారం వెనక్కి తిప్పి గడువు పెంచుకోవడం పిల్లలు బడిలో ఒకరికొకరు నేర్పుకుంటారు.

ఇంతా చేశాక నిజమైన చిక్కు మొదలవుతుంది. అది మీ అత్తగారి ఫోను. ముందు తలుపుకు గడియ పెట్టి దొడ్డితలుపు బార్లా తెరిచినట్టు, బాబు ట్యాబ్‌కు ఇన్ని కట్టుదిట్టాలు చేసి నాయనమ్మ ఫోను వదిలేస్తే ఏం లాభం? హాల్లో టీవీలో యూట్యూబ్ ఉంటే అదీ అంతే, ట్యాబ్‌లో పెట్టిన గడువు టీవీకి తెలియదు. అత్తగారి మీద తప్పు మోపినట్టు కాకుండా, ఆవిడ ఫోనుకు ఆవిడకు తప్ప పిల్లలెవరికీ తెలియని పిన్ పెట్టి ఇవ్వు. మనవడికి ఏదైనా చూపించాలని ఆవిడ ముచ్చట పడితే, ఆ ఒక్క యాప్ మాత్రమే తెర మీద ఉండిపోయేలా పిన్ చేసే సౌకర్యం ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఉంది. బయటికి రావాలంటే పిన్ నంబరు అడిగేలా అక్కడే పెడితే, అది కొడితే తప్ప దాంట్లోంచి బయటికి రావడం కుదరదు. దాన్ని ఆవిడకు నేర్పించు, సంతోషంగా నేర్చుకుంటారు. అన్నం తినిపించేటప్పుడు మాత్రం ఎవరి ఫోనూ వద్దని ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండండి. మీరిద్దరూ కూడా.

బాబు అక్క, మన పాప సంగతి వేరు. తొమ్మిదో తరగతి పిల్లను బాబులా చూడకూడదు. తనకు ఇచ్చిన అల్లుడుగారి పాత ఐఫోనులో సెట్టింగ్స్‌లోనే స్క్రీన్ టైమ్ ఉంటుంది, వేరే యాప్ అక్కరలేదు. ఇంట్లోవాళ్ళ ఆపిల్ ఖాతాలను ఒక జట్టుగా కలిపే ఫ్యామిలీ షేరింగ్‌లో తనను చేర్చుకుంటే, మీ ఇద్దరిలో ఎవరి దగ్గర ఐఫోను ఉంటే దాని నుంచే ఆ పని చేయవచ్చు. స్క్రీన్ టైమ్‌కు నాలుగు అంకెల పాస్‌కోడ్ వేరుగా ఉంటుంది, అది ఫోను తెరిచే అంకె కాకూడదు, ఎవరి పుట్టినతేదీ కాకూడదు. నగ్నచిత్రాలు వస్తే మసకబరిచే సౌకర్యం కూడా అందులోనే ఉంది, అది పనిచేస్తోందో లేదో చూడు. ఇన్‌స్టాగ్రామ్ కావాలంటే నిజమైన వయసుతోనే తెరవమను. టీన్ ఖాతాలని వాళ్ళు 2024లో తెచ్చిన పద్ధతిలో అలాంటి పిల్లల ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, 16 లోపు పిల్లలు ఆ కట్టడి సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. వాట్సాప్‌లో తనను ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చన్న చోట తెలిసినవాళ్ళు మాత్రమే అని మార్పించు.

తన మెసేజ్‌లు దొంగచాటుగా చదివే యాప్‌లు అమ్ముతారు, నీ స్నేహితురాలెవరో వేసుకున్నారని కూడా రాశావు. అవి మన ఇంట్లో వద్దమ్మా. 14 ఏళ్ళ పిల్ల ఆ సంగతి కనిపెట్టిన రోజు నీతో మాట్లాడడం మానేస్తుంది. ఫోటో అడుగుతూ ఎవడైనా బెదిరిస్తే తను పరుగెత్తుకొని రావలసింది నీ దగ్గరికే. "ఏం జరిగినా ముందు తిట్టను, ముందు వింటాను" అని ఇవాళే చెప్పు, ఆ మాట నిలబెట్టుకో. అలాంటిది జరిగితే మెసేజ్‌లు చెరపకుండా ఉంచి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలని, పిల్లల సహాయం కోసం 1098 ఉందని ఇద్దరు పిల్లలకూ నేర్పించు. ఆ రెండు అంకెలూ ఫ్రిజ్ మీద రాసి అంటించు.

ఆరు నెలలకొకసారి అన్నీ మళ్ళీ చూడు. పిల్లలు ఎదుగుతారు, గంట గంటన్నర కావచ్చు, ఛానళ్ళు మారవచ్చు. పెట్టిన కట్టడి సడలించేటప్పుడు కూడా వాళ్ళను పక్కనే కూర్చోబెట్టుకో.

ఈ ఆదివారం నాలుగు గంటలకు వీడియో కాల్ చెయ్యి. నీ ఫోను పూర్తిగా ఛార్జింగ్ చేసి ఉంచు, ట్యాబ్ పెట్టె మాత్రం బాబు చేతే తెరిపించు. పుట్టినతేదీ వేసే చోటికి వచ్చేసరికి నేను లైన్లో ఉంటాను. మీ అత్తగారికి, అల్లుడుగారికి నా నమస్కారాలు, పిల్లలిద్దరికీ ముద్దులు.

మీ పెద్దమ్మ