జోర్దానోను గుర్రం దించు

చిరంజీవికి ఆశీస్సులు.

పంపిన నవల అధ్యాయాలు చదివాను. పీసా వాడైన డొమినికన్ సన్యాసి జోర్దానోను కథానాయకుడిగా ఎంచుకోవడం మంచి పని. 1303 నుంచి 1306 దాకా ఫ్లారెన్సులో ఆయన చెప్పిన ప్రసంగాలను విన్నవాళ్లు రాసిపెట్టారు. ఏ తేదీన, ఏ చోట, పొద్దుటా సాయంత్రమా అన్నది కూడా చాలా వాటికి పైన ఉంటుంది. ఇంత ఆధారం చేతిలో ఉండగా ఆయన్ను ఒంటరిగా గుర్రమెక్కించి, నడుముకు డబ్బుసంచి కట్టి ఊళ్లు తిప్పావేమిటి?

ముందు ఆయన్ను కిందికి దించు. డొమినికన్ సభ అంటే ప్రసంగాలు చేసే క్రైస్తవ సన్యాసుల సంఘం. దాని తొలినాటి నియమాల ప్రకారం ప్రసంగానికి బయల్దేరినవాడు నడిచే వెళ్లాలి. తిండి, బట్ట, అవసరమైన సామాను, పుస్తకాలు ఎవరైనా ఇస్తే పుచ్చుకోవచ్చు. నాణేలు మాత్రం ముట్టకూడదు. పాతికేళ్లు నిండనివాడికి మఠం బయట ప్రసంగించే అనుమతి లేదు. వెంట ఇంకో సోదరుడు, అంటే తోటి సన్యాసి, తప్పనిసరి. ఆ రెండోవాడు నీకు దొరికిన వరం! అతనికి కాళ్లనొప్పులో, అడ్డంగా వాదించే గుణమో ఇచ్చావనుకో, పేజీల కొద్దీ సాగిన స్వగతమంతా సంభాషణ అయిపోతుంది. వేషం సంగతి: లోపల తెల్ల అంగీ, పైన కప్పుకునే నల్ల పైబట్ట. నువ్వు రాసిన గోధుమరంగు డొమినికన్లది కాదు.

అసలు కథ ప్రసంగం తయారయ్యే తీరులో ఉంది, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. ఆ రోజు పూజలో చదివే పాఠం నుంచి ఒక లాటిన్ వాక్యం తీసుకుంటాడు. దాన్ని వెంటనే ఫ్లారెన్సు ఉన్న తుస్కనీ ప్రాంతపు జనం మాట్లాడే భాషలోకి తెస్తాడు, ప్రసంగమంతా అందులోనే. (నీ జోర్దానో కూరగాయలమ్మేవాళ్లకు లాటిన్‌లో ఉపన్యాసమిచ్చాడు. ఒక్కడూ నిలబడడు.) తర్వాత ఆ వాక్యాన్ని విడగొడతాడు, తరచుగా మూడు భాగాలుగా. ఒక్కో భాగాన్ని మళ్లీ చీల్చి, గ్రంథప్రమాణం, తర్కం, దృష్టాంతం జోడిస్తాడు. ఈ దృష్టాంతం మన హరికథలో పిట్టకథ లాంటిది, జనం కునికే చోట పడాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే, మొదటి భాగమే పెరిగిపోయి పొద్దు చాలదు. మిగిలింది సాయంత్రం ఇంకో చోట చెబుతానని ఆపేస్తాడు. పొద్దున విన్నవాళ్లలో సాయంత్రం ఎవరు వస్తారు, ఎవరు రారు? ఒక అధ్యాయానికి సరిపడా కథ ఉంది అందులో. పైగా ఆయన ఫ్లారెన్సులోని శాంత మరియ నొవెల్ల మఠంలో పాఠాలు చెప్పే లెక్టర్ కూడా. రాత్రి లేచి ప్రార్థన, పగలు పాఠం, ఆపైన ప్రసంగం. ఆ గొంతు బొంగురు పోకుండా ఎలా ఉంటుంది?

ఊరి వర్ణనలో కొన్ని కొట్టెయ్యి. శాంత మరియ నొవెల్ల చర్చి 1279లో మొదలైంది, జోర్దానో నాటికి పూర్తి కాలేదు. నువ్వు మెచ్చుకున్న పాలరాతి ముఖభాగం 1470లో గానీ ముగియలేదు. ఫ్లారెన్సు పెద్ద చర్చి గుమ్మటం 1436 నాటిది. టమాటా కూర సరేసరి, అది అమెరికా నుంచి రావాలి, కొలంబస్ ఇంకా పుట్టలేదు. కళ్లద్దాలు మాత్రం ఉంచుకో. అవి కనిపెట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదని 1306 ఫిబ్రవరి ప్రసంగంలో ఆయనే చెప్పాడు.

ఆయన్ను మరీ సాధువును చేయకు. 1304 నవంబరు ప్రసంగంలో యూదుల మీద కట్టుకథ ఒకటి చెప్పి, వాళ్ల ఊచకోతను మెచ్చుకున్నాడు. కళ్లద్దాల కొత్తదనానికి మురిసిన నోరే అదీ పలికింది. ఈ రెండో ప్రసంగాన్ని దాచేస్తే నీ పుస్తకం భక్తి కరపత్రమవుతుంది. అలాగని మతద్రోహులను పట్టి శిక్షించే విచారణాధికారిగానూ మార్చకు, ఆయన పని వేదిక మీదే.

ఇక ఆయన్ను ముంబై పక్కనున్న ఠాణేకు పంపిన చివరి అధ్యాయం. 1321లో అక్కడున్నది జోర్డాన్ కతాలా, సభ ఒకటే గానీ మనిషి వేరు. 1329లో కొల్లం బిషప్‌గా నియమితుడైనవాడూ, మన తెలుగుదేశాన్ని 'తెలెంక్' పేరుతో తన రాతల్లో పేర్కొన్నవాడూ అతనే. అతని మీద విడిగా నవల రాయి, తప్పకుండా రాయి. నీ జోర్దానో 1311 ఆగస్టులో, పారిస్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్తూ దారిలో పియాచెంజాలో చనిపోయాడు. ఠాణే అధ్యాయం తీసేసి ఆ ప్రయాణం రాసి పంపు. రెండో సోదరుణ్ణి మరచిపోకు.