మ్యాపు ఎర్రగా ఉందని హైగ్రేడ్ అని రాసెయ్యకమ్మా

అమ్మాయ్,

నువ్వు పంపిన కేసు చూశాను. మెదడు ఎంఆర్ఐలో ఫ్రాంటల్ లోబ్‌లో (ముందు భాగంలో) గడ్డ, పెర్ఫ్యూజన్ మ్యాపు (రక్తం ఎక్కడ ఎంత ఉందో రంగుల్లో చూపేది) ఎర్రగా ఉంది, వెంటనే హైగ్రేడ్ గ్లయోమా, అంటే వేగంగా పెరిగే మెదడు ట్యూమర్, అని రాసేశావు. నీ వయసులో నేనూ అచ్చం ఇలాగే రాశాను, తీరా పాథాలజీ రిపోర్టులో గ్రేడ్ 2 ఒలిగోడెండ్రోగ్లయోమా (మెల్లగా పెరిగే రకం గ్లయోమా) అని వచ్చేసరికి సర్జన్ ముఖం చూడలేకపోయాను. ఆ గడ్డల్లో సన్నటి రక్తనాళాలు వల అల్లినట్టు ఉంటాయి, అందుకే గ్రేడ్ తక్కువైనా సీబీవీ (ఆ చోట ఉన్న రక్తం పరిమాణం) పెరుగుతుంది. సీబీవీ మామూలు మెదడుతో పోలిస్తే 1.75 రెట్లు దాటితే హైగ్రేడ్ అని బట్టీ పట్టావు కదా, అది ఎవరి స్కానర్ మీదో, ఎవరి పద్ధతిలోనో తేలిన అంకె.

ముందు మామూలు సీక్వెన్సులు (టీ2, ఫ్లెయిర్ లాంటి ఎంఆర్ఐ బొమ్మల రకాలు) నింపాదిగా చూడు. టీ2లో గడ్డంతా తెల్లగా ఉండి, ఫ్లెయిర్‌లో మాత్రం అంచు తప్ప లోపలంతా నల్లబడితే ఐడీహెచ్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉన్న ఆస్ట్రోసైటోమా (ఇంకో రకం గ్లయోమా) అని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు, ఆ గుర్తు లేనంత మాత్రాన కాదని మాత్రం అనకు. తర్వాత డిఫ్యూజన్, అంటే కణజాలంలో నీటి కదలిక చూపే సీక్వెన్సు. లింఫోమాలో (తెల్లరక్తకణాల క్యాన్సర్‌లో) కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఏడీసీ (ఆ కదలిక కొలత) పడిపోతుంది, చీముగడ్డలో అయితే సరిగ్గా నడిమధ్యలో పడిపోతుంది. లింఫోమా అనిపిస్తే రిపోర్టు టైప్ చేస్తూ కూర్చోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి, స్టెరాయిడ్ పడిందంటే గడ్డ కరిగిపోయి బయాప్సీలో ఏమీ దొరకకపోవచ్చు.

పెర్ఫ్యూజన్ చూసే ముందు ఎస్‌డబ్ల్యూఐ (రక్తం, కాల్సియం ఉన్నచోటు పట్టిచ్చే సీక్వెన్సు) తెరిచి పెట్టుకో. రక్తం, కాల్సిఫికేషన్, పాత సర్జరీ మచ్చ, వీటి పక్కన డీఎస్‌సీ (సీబీవీ కొలిచే పెర్ఫ్యూజన్ పద్ధతి) సిగ్నల్ చెడిపోతుంది. కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే స్కాన్ మందు) రక్తనాళాల్లోంచి బయటికి కారే గడ్డల్లో సీబీవీ ఉన్నదానికన్నా తక్కువగా కనపడొచ్చు, అందుకే ముందు కొంచెం డోసు ఇచ్చి, సాఫ్ట్‌వేర్‌లో లీకేజీ కరెక్షన్ ఆన్ చేశారో లేదో టెక్నీషియన్‌ని అడుగు, అడగడానికి మొహమాటమేంటి?

స్పెక్ట్రోస్కోపీ (గడ్డలోని రసాయనాలను గ్రాఫులో చూపే పద్ధతి) మీద నాకు గొప్ప నమ్మకమేమీ లేదు. గ్రాఫులో 3.2 దగ్గర కోలిన్ లేచి, 2.0 దగ్గర ఎన్‌ఏఏ (నరకణాల గుర్తు) పడిపోవడం ట్యూమర్‌లాగా కనిపించే డీమైలినేషన్‌లోనూ (నరాల పైపొర దెబ్బతినే జబ్బులోనూ) ఉంటుంది. పైగా వోక్సెల్ (కొలత తీసుకునే చిన్న గడి) ఎముకకి ఆనుకుంటే వచ్చేది కొవ్వు సిగ్నలే.

ట్రాక్టోగ్రఫీ (మెదడులో నరాల దారులను గీతలుగా చూపే పద్ధతి) గురించి ఒక్క మాట, వాపు ఉన్నచోట గీతలు కనపడలేదని నరాల దారి తెగిపోయిందని రాయకు.

రేడియేషన్ అయిన పేషెంటైతే ఫిల్ములు చూడకముందే రేడియేషన్ ముగిసిన తేదీ కనుక్కో. ముగిసి 12 వారాలు కాకముందే కొత్త ఎన్‌హాన్స్‌మెంట్ (కాంట్రాస్ట్ పట్టి తెల్లగా మెరిసే చోటు) కనిపిస్తే అది సూడోప్రోగ్రెషన్, అంటే గడ్డ పెరిగినట్టు భ్రమ, కావచ్చు. సీబీవీ తక్కువగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది, అయినా మళ్ళీ స్కాన్ చేసి పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. బెవాసిజుమాబ్ (గడ్డ రక్తనాళాల మీద పనిచేసే మందు) వాడుతున్నవాళ్ళలో దీనికి తలకిందులుగా ఉంటుంది, ఎన్‌హాన్స్‌మెంట్ మాయమైపోతుంది, ఫ్లెయిర్‌లో మాత్రం గడ్డ మెల్లగా పాకుతూనే ఉండొచ్చు.

సరే, నీ కేసుకి వస్తే, గడ్డ కార్టెక్స్ (మెదడు పైపొర) దాకా వచ్చినట్టుంది. సీటీ తీశారా? అందులో కాల్సిఫికేషన్ ఉంటే ఒలిగోడెండ్రోగ్లయోమా అనుమానం బలపడుతుంది, అది చూసి, రిపోర్టు సంతకం పెట్టకముందే నాకు ఫోన్ చెయ్యి.