నెల అద్దె ఒక్కటే చూసి బయల్దేరకండి

సందేహం: డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. ఈమధ్యే 2012 మోడల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నాం. జనవరి, ఫిబ్రవరి నెలలు నలుగురం ఆరిజోనాలోని యూమాలో ఏదైనా చవక ఆర్వీ పార్కులో (ఇలాంటి చక్రాల ఇళ్ళు అద్దెకి నిలుపుకునే చోటు) గడుపుదామని ఉంది. ఏమేం చూసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, ఆలోచన మంచిదే. అయితే మొదటిసారి వెళ్ళే మనవాళ్ళంతా చేసే తప్పు ఒకటే: నెల అద్దె అంకె చూసి డబ్బు కట్టేస్తారు. మేమూ అలాగే కట్టాం. ఇప్పుడు మా లెక్క తప్పడం లేదంటే, కట్టేముందు అన్నీ ఫోన్లో అడగడం నేర్చుకున్నాం కాబట్టే.

రోజుకీ వారానికీ తీసుకుంటే సాధారణంగా కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది. నెలకి తీసుకుంటే మీటరు వేరు. యూనిట్ ఎంతో ముందే అడగండి. ఎడారి కదా, వెచ్చగా ఉంటుందనుకుంటారు. పగలు ఉంటుంది, రాత్రి పెద్దవాళ్ళకి హీటరు లేకుండా గడవదు. 1,500 వాట్ల హీటరు రోజుకి పది గంటలు తిరిగితే 15 యూనిట్లు, నెలకి 450. యూనిట్ 15 సెంట్లనుకున్నా 67 డాలర్లు దాటింది. గ్యాసు ఫర్నేస్ వాడదామంటే, 30,000 బీటీయూలది (బీటీయూ అంటే వేడి కొలత) గంటసేపు ఆగకుండా మండితే దాదాపు పౌండున్నర ప్రొపేన్ తింటుంది. 30 పౌండ్ల సిలిండర్ అంటే 13.6 కిలోలు, ఊళ్ళో మన ఇంటి సిలిండర్ కంటే కొంచెం తక్కువ. అది ఇరవై గంటల మంటకే అయిపోతుంది. అందుకని రాత్రి పడుకునే గది వరకే వేడి చేసుకోండి, కిటికీలకి వెండిరంగు ఇన్సులేషన్ షీట్లు కోసి బిగించండి.

చాలా పార్కుల్లో అద్దె ఇద్దరికే. మూడో మనిషికీ నాలుగో మనిషికీ రోజు లెక్కన అదనం పడుతుంది. ఇది అడగకపోతే రెండు నెలలకి మీ లెక్కంతా తలకిందులవుతుంది. అలాగే పదేళ్ళు దాటిన ట్రైలర్లను కొన్ని పార్కులు రానివ్వవు. కొన్ని ఫొటో పంపితే ఒప్పుకుంటాయి. మీది 2012 మోడల్ కాబట్టి మొదటి ప్రశ్న అదే. యూమాలో 55 ఏళ్ళు దాటినవాళ్ళ కోసమే నడిచే పార్కులు ఎక్కువ. నాన్నగారి వయసు చాలు, మీ ఇద్దరి సంగతేమిటో కనుక్కోండి.

కరెంటు గురించి. చవక పార్కుల్లో చాలా స్థలాలకి 30 ఆంపియర్ల ప్లగ్గే ఉంటుంది. 120 వోల్టుల మీద అది 3,600 వాట్లు, అంతే. పొద్దున్నే హీటరు 1,500, వేణ్ణీళ్ళ హీటరు 1,440, రైస్ కుక్కర్ 700 కలిస్తే 3,640. బ్రేకర్ పడిపోవచ్చు. వేణ్ణీళ్ళకి గ్యాసు పెట్టి, మిగతావి కరెంటు మీద నడపండి. ప్లగ్ పెట్టేటప్పుడు ముందు స్తంభం మీది బ్రేకర్ ఆపండి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు లోపాలు చూపించి కాపాడే పరికరం) తగిలించండి, బ్రేకర్ వేసి అది చూపించే రీడింగ్ గమనించండి. అంతా సరిగ్గా ఉంటేనే ట్రైలర్ తీగ కలపండి. గ్రౌండ్ (ఎర్త్) లేదని చూపినా, వోల్టేజి 105 కంటే దిగినా వేరే స్థలం అడగండి. ఏసీ కంప్రెసర్ కాలేది అలాంటి చోటే. గంట తర్వాత ప్లగ్ తాకి చూడండి. వేడెక్కిందంటే లోపల పట్టు వదులుగా ఉన్నట్టు. ఇంటి నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదు.

నీళ్ళకి కొళాయి దగ్గరే ప్రెషర్ రెగ్యులేటర్ బిగించండి. 45, 50 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) చాలు. అది లేకపోతే కొళాయి ఒత్తిడికి నేల కింద ప్లాస్టిక్ గొట్టాల అతుకులు ఊడతాయి, నీరు కారుతున్నట్టు చెక్క ఉబ్బాకగానీ తెలియదు. ఆరిజోనా నీళ్ళల్లో సున్నం, లవణాలు ఎక్కువ. తాగే నీళ్ళకి ఫిల్టర్ పెట్టుకోండి. తోట గొట్టం కాదు, తాగునీటి గొట్టమే కొనండి.

మరుగు ట్యాంకు దగ్గరే అందరూ దెబ్బతింటారు. పార్కులో సీవర్ (మురుగు కాలువ) కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ (మరుగుదొడ్డి ట్యాంకు) వాల్వ్ తెరిచి వదిలేస్తారు. నీరు పోయి మలం అడుగున ఎండి గుట్టకడుతుంది, దాన్ని తీయించడానికి మనిషిని పిలవాలి. వాల్వ్ మూసే ఉంచండి. మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే (వాడిన నీళ్ళ ట్యాంకు) వదలండి. స్నానాల, గిన్నెల నీళ్ళతో గొట్టం శుభ్రపడుతుంది. గొట్టం అడుగుకి పావు అంగుళం చొప్పున వాలుగా ఉండాలి. మనం నీళ్ళు వాడతాం కాబట్టి 30 గ్యాలన్ల ట్యాంకు నలుగురికి మూడు నాలుగు రోజుల్లో నిండుతుంది. నీళ్ళు ఎక్కువుంటే ట్యాంకుకి మంచిదే. గంజీ, తాలింపు నూనే మాత్రం సింకులో పోయకండి. నూనె డబ్బాలోకి వంచి, మూకుడు కాగితంతో తుడిచాకే కడగండి. మిరపకాయలు వేసి తాలింపు పెడితే పొగ అలారం మోగుతుంది, దాని బ్యాటరీ తీయడం మాత్రం వద్దు. ఒక పొయ్యి బయట బల్ల మీద పెట్టుకోండి. వడియాలు పెట్టుకునే ఎండ ఉంటుంది, అమ్మగారికి కాలక్షేపం. తీగ కట్టి బట్టలు ఆరేయడం కొన్ని పార్కుల్లో కుదరదు.

అద్దె మరీ భారమైతే, యూమా పక్కన ఇంపీరియల్ డ్యామ్ దగ్గరా, ఉత్తరాన క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసాలోనూ ప్రభుత్వ భూమి మీద ఉండొచ్చు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్‌కి 180 డాలర్లు, 14 రోజులకి 40 డాలర్లు ఏళ్ళ తరబడి ఉండిన రేటు, ఇప్పుడు మారి ఉండొచ్చు. తాజా ధర చూసుకోండి. కరెంటు స్తంభం ఉండదు, సోలారో జెనరేటరో కావాలి. పెద్దవాళ్ళతో మొదటిసారికి నేనైతే అటు వెళ్ళను.

కాగితాల సంగతి మీరే చూసుకోగలరు: చిరునామా మారితే పది రోజుల్లో ఏఆర్-11 (ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఆ మార్పు తెలిపే ఫారం), మీది హెచ్-1బీ (ఉద్యోగ వీసా) అయి అక్కడి నుంచే ఆఫీసు పని చేస్తే పనిచేసే స్థలం గురించి మీ లాయరు మాట. యూమా సరిహద్దు ఊరు, దారిలో చెక్‌పోస్టులుంటాయి. నలుగురి పాస్‌పోర్టులూ ఐ-94లూ (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు) కారులోనే ఉంచండి.

దిగిన రోజూ బయల్దేరే రోజూ మీటరుకి తేదీ కనబడేలా ఫొటో తీయండి. డిపాజిట్‌లో కోత పడేది చాలాసార్లు కరెంటు లెక్క దగ్గరే.