గుండెలో ప్రోటీన్ గడ్డకట్టిందా, పేరుకొన్నదా?

సందేహం: మా పెద్దబాపు గుండె పరీక్ష నివేదికను ఇంట్లోవారికి తెలుగులో రాసి ఇస్తూ ‘గుండెలో పిండి ప్రోటీన్ గడ్డకట్టింది’ అన్నాను. ‘పూడుకున్నది’ అనాలని మా అన్న, ‘పేరుకుంటున్నది’ అనాలని మా వదిన అంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ వదినగారు ఎంచిన క్రియ సరైనదే; ఆ రూపానికి మాత్రం ఒక్క స్కాన్ సాక్ష్యం చాలదు.

‘గడ్డకట్టింది’ అనగానే వినేవారికి నెత్తురు గడ్డ తోస్తుంది. అది వేరే ఆపద. ‘పూడుకొను’ మన చెరువుల మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో ‘పూడికతీత’ ఊరూరా నోళ్లలో నానింది. అయితే పూడేది బావి, చెరువు వంటి లోతు గలది. మీ పెద్దబాపు జబ్బు అయిన అమిలాయిడోసిస్‌లో ప్రోటీన్ చేరేది గుండె గదులలో కాదు, గోడలలోని కండరకణాల నడుమ. అందువల్లనే గోడలు దళసరియై బిరుసెక్కుతాయి.

‘పేరిన నెయ్యి’ అనే వాడుకను తలచుకోండి. పారేది చిక్కబడి, కదలక నిలిచిపోవడమే పేరుకొనడం. ఇలా చేరేవాటిలో ఒకటైన ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా కాలేయంలో తయారై, నెత్తురులో కరిగి తిరుగుతూ, దాని మడతలు చెడినప్పుడు సన్నని పోగులుగా మారి గుండె కండరంలో నిలిచిపోతుంది కనుక, ఈ క్రియ జబ్బు నడకనే చెబుతున్నది. (నెయ్యి సెగ తగిలితే కరుగుతుంది, ఇది కరగదు, పోలిక అంతవరకే.)

‘పిండి’ని తీసివేయండి. అయోడిన్ తగిలితే పిండిలాగా రంగు మారుతున్నదని 1854లో జర్మన్ వైద్యుడు విర్కో లాటిన్‌లో పిండికి ఉన్న మాటతో ‘అమిలాయిడ్’ అని పేరు పెట్టాడు. 1859 నాటికే అది ప్రోటీన్ అని తేలినా పాత పేరు పోలేదు. పొరపాటున పుట్టిన పేరును అనువదిస్తే పొరపాటే తెలుగులోకి వస్తుంది.

ఇక క్రియారూపం. కొద్దిపాటి రేడియోధార్మిక మందును నెత్తురులోకి ఎక్కించి తీసే టెక్నీషియం పైరోఫాస్ఫేట్ స్కాన్‌లో గుండె ఆ మందును ఎంత పట్టుకున్నదో పక్కటెముకలతో పోల్చి 0 నుంచి 3 వరకు స్థాయి ఇస్తారు; ఎం.ఆర్.ఐ. అయితే కండరంలో కణాల వెలుపలి జాగా ఎంత శాతమో లెక్కగడుతుంది. రెండూ చెప్పేది ఆనాటి స్థితినే. కొన్ని నెలలకు మళ్లీ తీసి, మొదటి దానితో పోల్చి, ఆ శాతం పెరిగిందని తేలితేనే ‘పేరుకుంటున్నది’ అనడానికి ఆధారం దొరుకుతుంది. మీ చేతిలో ఉన్నది ఒకే నివేదిక గనుక, ‘గుండె గోడలలో అమిలాయిడ్ ప్రోటీన్ పేరుకొని ఉన్నది’ అని రాయండి.