ఇంజన్ వాటా ఎవరు తింటున్నారు?

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర ఊరు. సొంత ఫైబర్ పడవ ఉంది. దానికి 11 ఏళ్ల కిందట కొన్న 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే) ఇంజన్, రెండు సిలిండర్లది. నాతో కలిపి నలుగురం వేటకు వెళ్తాం. ఏడాదికి 180 రోజులు పడవ దిగుతుంది, రోజుకు సగటున 40 కిలోల చేప పడుతుంది. ఖర్చులు పోను రోజుకు పడవ, ఇంజన్ వాటా కింద నాకు 900, మనిషి వాటా కింద తలా 600 వస్తాయి. కిందటేడు ఇంజన్ మొరాయించి 14 రోజులు వేట పోయింది. రెండుసార్లు పక్క పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. మొత్తం బాగు చేయడానికి మెకానిక్ 38 వేలు అడుగుతున్నాడు. అందులో పిస్టన్, రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) పని 14 వేలు. మిగతాది కార్బ్యురేటర్, వాటర్ పంపు, గేర్ సీళ్లు, ఇగ్నిషన్ కాయిల్, కూలి. కొత్తది 2.4 లక్షలన్నారు. వాడినది ఒకటి 90 వేలకు ఉందంటున్నారు. పోస్టాఫీసులో 18 వేలున్నాయి, వేట నిషేధ భృతి 20 వేలు పడింది. మా ఆవిడకు డ్వాక్రాలో 50 వేల దాకా అప్పు వస్తుంది, మూడు కాసుల గొలుసుంది. షావుకారు నూటికి 3 రూపాయల వడ్డీకి 40 వేలిస్తానంటున్నాడు. చేప మాత్రం తనకే వేయాలి, కిలోకు బయటి రేటు కన్నా 10 రూపాయలు తగ్గించి కడతాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు షావుకారు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా సులువుగా చేతికొచ్చే డబ్బు అదే. 40 వేలకు నెలకు 1,200 వడ్డీ. ఏడాదికి 14,400. మీరు ఇక్కడితో లెక్క ఆపేసినట్టున్నారు. కిలోకు 10 రూపాయల చొప్పున 40 కిలోలకు రోజుకు 400 పోతుంది. 180 రోజులకు 72 వేలు. అంటే 40 వేల అప్పు మీద ఏడాదికి 86 వేల పైచిలుకు కడుతున్నట్టు, అసలు అలాగే ఉంటుంది. ఇంకో మాట. ఆ 400 వాటాలు వేయకముందే పోతుంది కాబట్టి అందులో సగానికి పైగా మీతో వచ్చే ముగ్గురి జేబులోంచి పోతుంది. అప్పు మీది, వడ్డీ వాళ్లది. ఆ డబ్బు ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఇంజన్. 38 వేలు ఎక్కువా తక్కువా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, దేనితో పోల్చాలో తెలియాలి. కొత్త ఇంజన్ పదేళ్లు నడిచిందనుకుందాం. 1,800 వేటలకు 2.4 లక్షలు, అంటే వేటకు 133 రూపాయలు. మీరు పెట్టే 38 వేలు ఆ ధరకు గిట్టాలంటే, బాగు చేసిన ఇంజన్ 285 వేటలు నడవాలి. మీ లెక్కన ఏడాదీ ఏడు నెలలు. పిస్టన్ పని అక్కర్లేక 24 వేలతో పోతే 180 వేటలు, సరిగ్గా ఒక్క ఏడాది నడిస్తే చాలు. అంతకన్నా ఎక్కువ నడిచిన ప్రతి రోజూ మీకు మిగులే.

అందుకే మెకానిక్‌ను ముందు ధర అడగొద్దు, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే బలం) చూడమనండి. రెండు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజీ పెట్టి, తాడు లాగి చూసే పని. పెద్దగా సమయం పట్టదు, విడిగా కూలి అడిగినా ఇచ్చేయండి. రెండింటి అంకెలూ దగ్గరగా, ఆ మోడల్‌కు ఉండాల్సినంత ఉంటే పిస్టన్ జోలికి పోనక్కర్లేదు. మీరు చెప్పిన మొరాయింపు కార్బ్యురేటర్ మురికి వల్లో, కాయిల్ వేడెక్కడం వల్లో కూడా వస్తుంది. ఒక సిలిండర్‌లో బాగా తగ్గితే ఆ 14 వేలకు అర్థం ఉంది. గేర్ ఆయిల్ కూడా కొంచెం తీయించండి. పాలు కలిపిన టీలా కనిపిస్తే సీళ్లలోంచి నీళ్లు పోతున్నాయని అర్థం, ఆ పని వాయిదా వేయకూడదు. ఇక బోరు గీతలు పడి, క్రాంక్ బేరింగులు పోయి, ఉప్పు నీళ్లు లోపలి గోడల్ని తినేసి ఉంటే మాత్రం ఆ ఇంజన్‌కు ఒక్క రూపాయి పెట్టొద్దు.

తీసేసిన పాత సామాన్లన్నీ తిరిగి తీసుకోండి. నా పాత స్కూటర్‌కు బోరు చేయించి, ఏం మార్చారో చూడకుండా బిల్లు కట్టేసి, ఆరు నెలలకే దాన్ని తుక్కుకు వేసినవాణ్ణి. ఈ సలహా ఆ బిల్లు నేర్పిందే.

డబ్బు ఎక్కడిది? పోస్టాఫీసులో ఉన్న 18 వేలలో 12 వేలు తీయండి. మిగతాది, పనిని బట్టి 12 వేలో 26 వేలో, డ్వాక్రా అప్పు. నెలకు రూపాయి వడ్డీ వేసుకున్నా 26 వేలకు ఏడాదిపాటు నెలకు 2,300 వాయిదా పడుతుంది. అప్పు మీ ఆవిడ పేరు మీద, పరువు గ్రూపులో పదిమంది ముందు ఆవిడది. కాబట్టి వాయిదా తేదీని సముద్రం మీద వదిలేయకుండా, వేట బాగున్న వారంలోనే ఆ నెల డబ్బు పక్కన పెట్టేయండి. భృతి 20 వేలు ఇంజన్‌కు వద్దు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంట్లో పొయ్యి వెలగడానికే అది ఇచ్చారు.

వాడిన ఇంజన్ గురించి ఒక్క మాట. బిల్లు లేకుండా, నీళ్లలో లోడు మీద గంటసేపు నడపనివ్వకుండా అమ్మేవాడి దగ్గర కొనడం కన్నా మీ పాతదే నయం. దాని జబ్బులు మీకు తెలుసు.

కంప్రెషన్ దెబ్బతిని కొత్తదే కొనాల్సి వస్తే, కొనకముందే మీ ఊరి సచివాలయంలోని మత్స్య సహాయకుణ్ణి కలవండి. కేంద్రం ఇచ్చే మత్స్య సంపద యోజన కింద యూనిట్ ఖర్చులో జనరల్ వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం ఉంటుంది. ఇంజన్‌కు ఈ ఏడాది మీ జిల్లాలో అవకాశం ఉందా అని అడగండి. కొనేసి బిల్లు పట్టుకెళితే లాభం ఉండదు, మంజూరు ముందు రావాలి. (పడవల ఇంధనానికి ప్రభుత్వం ఇచ్చే లీటరుకు 9 రూపాయల రాయితీ మీకెందుకు లేదని మీకు కోపం ఉండొచ్చు. అది డీజిల్‌కు, మీది పెట్రోల్ ఇంజన్.)

పెట్రోల్, ఐసు, వలల ఖర్చుకు కూడా షావుకారు దగ్గరికే వెళ్తుంటే కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి. 2018-19 నుంచి మత్స్యకారులకూ ఇస్తున్నారు. పడవ రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు ఉండాలి. వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అది రోజువారీ పెట్టుబడికి, ఇంజన్ కొనడానికి కాదు. కానీ రోజు ఖర్చుకు షావుకారు అవసరం తీరితే, చేప ఎవరికి వేయాలో మీరే చెప్పగలుగుతారు.

ఇక మీరు అడగని విషయం. వాటాలు వేసేటప్పుడు ఇంజన్‌కు కూడా ఒక వాటా తీస్తారు కదా, అది ఎందుకు పెట్టారు మన పెద్దలు? ఇంజన్ అరుగుతుంది కాబట్టి. ఆ 900 మీ సంపాదన అనుకుని 11 ఏళ్లుగా ఇంట్లో వాడేశారు. మీ సంపాదన 600. మిగతాదాంట్లో పడవకూ ఇంజన్‌కూ కూడా హక్కుంది. మొత్తం దాచమంటే కుదరదని నాకు తెలుసు. వేటకు 250 తీసి, ఒడ్డున చేప అమ్మిన రోజే మీ ఆవిడ చేతికివ్వండి. పోస్టాఫీసులో ఇంజన్ పేరు చెప్పుకుని వేరే ఖాతా తెరవండి. ఏడాదికి 45 వేలవుతుంది. ఏటా సర్వీసింగుకు 8 వేలు పోయినా ఐదేళ్లకు 1.85 లక్షలు, వడ్డీ అదనం. అప్పటికి ఈ ఇంజన్ ఎలాగూ చేతులెత్తేస్తుంది.

ఆ సర్వీసింగులో సగం మీ చేతిలో పనే. ఒడ్డుకు రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజన్ పదినిమిషాలు నడపండి, ఉప్పు లోపల గడ్డకట్టదు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్పించండి. కంపెనీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కొలిచి పోయండి, కళ్లతో చూసి కాదు. నిషేధం రోజుల్లో ట్యాంకులో, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిల్వ ఉంచొద్దు. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను లాక్కుంటుంది. జూన్‌లో తాడు పదిసార్లు లాగినా ఇంజన్ అందుకోకపోవడానికి అదీ ఒక కారణం.

గొలుసు ఇప్పటికి మెడలోనే ఉండనివ్వండి. కొత్త ఇంజన్‌కు మంజూరొచ్చి మీ వంతు డబ్బు తక్కువైతే అప్పుడు బ్యాంకులో పెట్టొచ్చు, షావుకారు దగ్గర మాత్రం కాదు. మెకానిక్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. జూన్ మొదటి వారానికి ఒడ్డున ఉన్న ఇంజన్లన్నీ ఆయన షెడ్డు ముందే ఉంటాయి, అప్పుడు కంప్రెషన్ చూడమన్నా ఆయనకు తీరికుండదు.