సిట్కా స్ప్రూస్ అంటే ఏ చెట్టు? గిటార్లకు అదే ఎందుకు వాడతారు? మన దగ్గర పెరుగుతుందా?

మా అమ్మాయికి గిటార్ కొందామని చూస్తే ప్రతిదాని మీదా "సిట్కా స్ప్రూస్ టాప్" అని రాసి ఉంది, అసలు ఆ చెట్టు ఏమిటి, దానికంత గొప్పేమిటి, వైజాగ్ వైపు పెంచుకోవచ్చా అని అడిగారు. నేను కలప వ్యాపారిని కాదు, వృక్షశాస్త్రం చదవలేదు. సియాటెల్ దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఈ చెట్ల కింద చాలా తిరిగాను, ఈ చెక్కతో చేసిన గిటార్ ఒకటి పాడుచేసుకున్నాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అలాస్కాలోని కోడియాక్ దీవి నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరాన్ని అంటిపెట్టుకుని, దాదాపు 2,900 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని పట్టీలా పెరిగే, పైన్ కుటుంబానికి చెందిన సూదుల్లాంటి ఆకుల చెట్టు ఇది. నదీ లోయల వెంట కొంత లోపలికి వస్తుంది తప్ప సముద్రాన్ని వదిలి దూరం పోదు. అలాస్కాలోని సిట్కా అనే ఊరి పేరే దీనికి వచ్చింది. 1962 నుంచి ఇది అలాస్కా రాష్ట్ర వృక్షం. స్ప్రూస్ జాతులన్నిటిలో ఎత్తైనది ఇదే. కెనడాలోని వాంకూవర్ దీవిలో దాదాపు 96 మీటర్ల చెట్టు ఉంది, అంటే ముప్పై అంతస్తుల భవనమంత. వాషింగ్టన్ రాష్ట్రంలో క్వినాల్ట్ సరస్సు ఒడ్డున ఉన్న చెట్టు ఎత్తులో అంతకంటే తక్కువే (58 మీటర్లు), కానీ మొదలు చుట్టుకొలత దాదాపు 18 మీటర్లు. మేం ఆరుగురం చేతులు చాచి చుట్టూ నిలబడితే సగం దగ్గరే ఆగిపోయాం.

మూడేళ్ల క్రితం మా అమ్మ వచ్చినప్పుడు క్లేలాక్ బీచ్‌కి తీసుకెళ్లాను. మాది భీమిలి దగ్గర ఊరు. గట్టు మీది చెట్లను దూరం నుంచి చూసి "ఒరేయ్, ఇక్కడా సరుగుడు తోటలు వేశార్రా!" అంది. దగ్గరికెళ్లి కొమ్మ పట్టుకుని వెంటనే వదిలేసింది. "అబ్బా, ఇది సరుగుడు కాదు, ఈత ముల్లులా ఉంది!" నిజానికి ఈ చెట్టును గుర్తుపట్టడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. ఆకులు బల్లపరుపుగా, గట్టిగా, కొస సూదిలా ఉంటాయి. ఆకు రాలిన చోట కొమ్మ మీద చిన్న మేకులాంటి బుడిపె మిగిలిపోతుంది. బెరడు పలచన, అప్పడం ముక్కల్లా పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. కాయ వేలెడు పొడవు, దాని రేకులు కాగితంలా పలచగా ఉంటాయి. పక్కనే పెరిగే డగ్లస్ ఫర్ బెరడేమో మందంగా, గాళ్లు పడి ఉంటుంది. ఈ రెండింటి తేడా నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

అదే బీచ్‌లో ఒక స్ప్రూస్ ఉంది. కింద మట్టి వాగు నీటికి కోసుకుపోయి, చెట్టు రెండు గట్ల మధ్య వేళ్లతో వేలాడుతూ కనిపిస్తుంది. అంత ఉప్పుగాలిలో, వేళ్లు బయటపడి కూడా పచ్చగానే ఉంటుంది. ఉప్పు తుంపరను ఓర్చుకోవడం దీని ప్రత్యేకత. ఓర్చుకోలేనిది పొడి గాలిని. వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న హో వర్షారణ్యంలో ఏడాదికి 350 సెంటీమీటర్ల వాన పడుతుంది (హైదరాబాద్‌లో 80 సెంటీమీటర్ల దాకా). అక్కడ నేల మీద నాచు, ఫెర్న్ ఎంత దట్టంగా ఉంటాయంటే విత్తనం మట్టిలో పడి మొలవడమే కష్టం. అందుకని పడిపోయిన పాత మానుల మీద మొలకెత్తుతాయి. ఒకే మాను మీద పిల్ల చెట్లు వరసగా లేచి, వేళ్లను రెండువైపులా నేలకు దించుతాయి. కొన్ని వందల ఏళ్లకు ఆ మాను కుళ్లి మట్టయిపోతుంది, వేళ్లు మాత్రం కాళ్లలా నిలబడి, మధ్యలో సొరంగంలా ఖాళీ మిగులుతుంది. మా అబ్బాయి అందులోంచి దూరి అవతలికి వెళ్లాడు. అడవిలో చెట్లన్నీ ఎవరో తాడు పట్టి నాటినట్టు వరసలో ఎందుకున్నాయో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

ఇక మీ గిటార్ సంగతి. ఈ కలప గొప్పదనం బరువుకు తగిన గట్టిదనం కాదు, బరువుకు మించిన గట్టిదనం. ఆరిన చెక్క ఘనమీటరు 430 కిలోల లోపే తూగుతుంది, టేకు 650 దాకా ఉంటుంది. అయినా నిలువునా వంచబోతే సులభంగా లొంగదు. గిటార్ పైపలక మందం మూడు మిల్లీమీటర్ల లోపే. తీగల లాగుడుకు వంగిపోకూడదు, అదే సమయంలో తీగ మీటితే చప్పున కదలాలి. బరువైన చెక్క కదలదు, మెత్తని చెక్క నిలబడదు. స్ప్రూస్ రెండూ చేస్తుంది. కొన్ని పెద్ద పియానోల్లో తీగల కింద ఉండే వెడల్పాటి పలక కూడా దీనిదే. మన బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు కదా, గిటార్ అలా కాదు. పైపలక ఒక చెక్క, పక్కలు, వెనక వేరే చెక్క. శబ్దంలో ఎక్కువ వాటా ఆ పైపలకదే. ముడి లేకుండా, గీతలు తిన్నగా, దగ్గర దగ్గరగా ఉన్న ముక్క దొరకాలంటే చాలా లావైన, వయసు మళ్లిన చెట్టు కావాలి. ఇవి ఏడెనిమిది వందల ఏళ్లు బతుకుతాయి. తోటల్లో నలభై ఏళ్లకు నరికే చెట్టు కాగితానికి, ఇళ్ల కట్టడానికి పనికొస్తుంది గానీ గిటార్‌కి రాదు. స్కాట్లాండ్, ఐర్లండ్‌లలో ఇప్పుడు వాణిజ్య అడవులంటే ఎక్కువగా ఈ చెట్టే. అక్కడికి దీని విత్తనాలు 1831లో వెళ్లాయి.

ఇదే గుణం వల్ల మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల చట్రాలకు దీని కోసం ఎగబడ్డారు. 1917లో అమెరికా సైన్యం కలప కోసమే ఒక విభాగం పెట్టి, దాదాపు 30 వేలమంది సైనికుల్ని అడవుల్లోకి పంపింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని క్రెసెంట్ సరస్సు పక్కన కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. అది పూర్తయ్యేసరికి యుద్ధం అయిపోయింది! ఇప్పుడది నడక దారి, సొరంగాలతో సహా. పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది. (స్ప్రూస్ గూస్ అని పిలిచే పెద్ద విమానం పేరు చూసి అదీ దీనిదే అనుకుంటారు. అది చాలావరకు బర్చ్ చెక్క.)

ఈ తీరంలో తరతరాలుగా ఉన్న ట్లింగిట్, హైడా ప్రజలు దీని సన్నని వేళ్లను చీల్చి బుట్టలు, టోపీలు అల్లుతారు. నీళ్లు పోసినా కారనంత బిగువుగా అల్లిన బుట్టలూ ఉన్నాయి. కెనడా పడమటి తీరంలోని హైడా గ్వాయి దీవుల్లో ఆకులు బంగారు రంగులో ఉన్న స్ప్రూస్ ఒకటి ఉండేది. హైడాలకు పవిత్రం. 1997లో ఒకడు దాన్ని రాత్రిపూట కోసేశాడు. ఆ పడిన చెట్టు ముక్కతోనే తర్వాత కెనడాలో ఒక గిటార్‌కి పైపలక చేశారు, 2006 నుంచి దేశమంతా తిప్పుతూ వాయిస్తున్నారు. ఈ కథ విన్నాక నా గిటార్‌ని నేను ఇంకాస్త మర్యాదగా చూసుకుని ఉండాల్సింది.

చూసుకోలేదు. మొదటి చలికాలం, హీటర్ గాలి వచ్చే చోటుకి ఎదురుగా స్టాండ్ మీద పెట్టి వదిలేశాను. జనవరిలో ఒక రాత్రి టప్‌మని శబ్దం. పొద్దున చూస్తే పైపలక మీద బెత్తెడు చీలిక. బాగుచేసిన పెద్దాయన లోపల చిన్న చెక్క ముక్కలు అతికిస్తూ, "చెట్టుని కోశారు గానీ దానికి తేమ అలవాటు పోలేదు" అన్నాడు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలట. మీరు వైజాగ్‌లో ఉంటే సమస్య తిరగబడుతుంది. తేమ ఎక్కువై పలక ఉబ్బి, తీగలు పైకి లేచి, పాప వేళ్లు నొప్పి పుడతాయి. వాయించనప్పుడు పెట్టెలో పెట్టి సిలికా జెల్ సంచులు వేయండి. రాత్రంతా ఏసీ గాలి తగిలేలా మాత్రం గోడకు వేలాడదీయకండి.

కొనేటప్పుడు "సిట్కా" అన్న మాట కంటే "సాలిడ్" అన్న మాట ముఖ్యం. సిట్కా పేరుతోనే పలచని పొర పైన అంటించిన ప్లైవుడ్ కూడా అమ్ముతారు. నమ్మకం కుదరకపోతే మధ్యలోని గుండ్రని రంధ్రం అంచు చూడండి. పైనున్న గీతలు అంచులోకి దిగి కొనసాగితే అసలు చెక్క, పొరలు పొరలుగా కనిపిస్తే అతుకు. నేర్చుకునే పాపకు ప్లైవుడ్ టాప్ కూడా చాలు, వాతావరణానికి అదే మొండిగా నిలబడుతుంది. డబ్బు మిగిలితే మంచి మాస్టారికి ఇవ్వండి.

ఒక హెచ్చరిక, దీన్ని బయట వాడకూడదు. త్వరగా కుళ్లుతుంది. ఇక్కడ కంచెకైనా డెక్‌కైనా ఎర్ర సీడారే వాడతారు.

మన దగ్గర పెంచడమంటారా, కుదరదు. దీనికి చల్లని వేసవి, పొగమంచు కావాలి. మే నెల వైజాగ్ ఎండకు మొక్క నిలవదు. మా అమ్మ కూడా నాలుగు కాయలు సంచిలో వేసుకుని బయల్దేరింది. విత్తనాలు తీసుకెళ్లాలంటే ముందే అనుమతి కావాలని చెప్పి తీయించాను, ఊరు చేరేదాకా దాని మీద అలకే. ఆ కాయలు ఇప్పటికీ మా కిటికీ గట్టు మీద ఉన్నాయి. గాలి పొడిగా ఉంటే రేకులు విచ్చుకుంటాయి, తేమగా ఉంటే ముడుచుకుంటాయి. చలికాలంలో అవి పూర్తిగా విచ్చుకున్నాయంటే లేచి వెళ్లి గిటార్‌ని పెట్టెలో పెట్టేస్తాను.